అత్తగారి చెవిన పడ్డ ఉల్కలు

రేడియోలు బాగుచేసేవాడికి ఈ రోజుల్లో పని ఉండదని అందరూ అనుకుంటారు. పనికేం, బోలెడుంది. రేడియోలే లేవు. వీధి మలుపులో, అత్తగారింటి ముందుగదిలో దుకాణం నడిపే ఈ మెకానిక్ దగ్గరికి మిక్సీలు వస్తాయి, టేబుల్ ఫ్యాన్లు వస్తాయి, ఒకసారి మాట్లాడే బొమ్మ కూడా వచ్చింది. మాట్లాడించమని కాదు, నోరు మూయించమని. రేడియో ఎప్పుడో ఒకటి వస్తుంది. వచ్చింది తిరిగి వెళ్లదు. తెచ్చినవాళ్లు మరిచిపోతారు, ఈయన గుర్తు చేయడు. అలా మూత ఊడినవీ, ముల్లు విరిగినవీ, చెక్క పెట్టెలవీ గోడ పొడవునా అరల్లో కొలువుదీరి ఉన్నాయి.

మనిషి పొడగరి. గదిలో వేలాడే తీగల కింద వంగి నడిచి నడిచి, బయట ఆకాశం కింద కూడా వంగే నడుస్తాడు. మాట తక్కువ. ఆయన నిఘంటువులో సగం "ఊఁ", మిగతా సగం "చూద్దాం". వీధి మొత్తం ఆయన్ని గరగర అని పిలుస్తుంది. ఆ పేరు తెచ్చిపెట్టింది డిసెంబరు నెల.

డిసెంబరు నడిమికి వచ్చేసరికి మిథున రాశి దిక్కు నుంచి ఉల్కలు రాలతాయి. ఏటా వస్తాయి, దాదాపు అవే తేదీల్లో. అందరూ వాటిని డాబా ఎక్కి, మెడలు నొప్పి పుట్టేలా చూస్తారు. గరగర మాత్రం గదిలో కూర్చుని వింటాడు. దూరపు ఎఫ్‌ఎం స్టేషన్ మామూలుగా మనకు వినపడదు. భూమి గుండ్రంగా ఉంది, ఎఫ్‌ఎం తరంగం తిన్నగా పోతుంది. ఇద్దరికీ పొసగదు. కానీ పైన ఒక ఉల్క మండితే, అది పోయిన దారిలో గాలి ఒక్క లిప్త అద్దంలా పనిచేస్తుంది. దానికి తగిలి దూరపు స్టేషన్ తుళ్లి వచ్చి మన రేడియోలో పడుతుంది. గరగర మధ్య ఉన్నట్టుండి ఒక మాట, లేదా పాటలో ఒక ముక్క. తర్వాత మళ్లీ గరగరే. మబ్బు పట్టినా, తెల్లారినా దీనికి అడ్డు లేదు. అందుకే ఆ రోజుల్లో పొద్దున్నే ఖాళీ స్టేషన్ దగ్గర ముల్లు పెట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో గీత గీసుకుంటూ కూర్చుంటాడు. మిక్సీ తెచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు కాసేపు విని, తన సెట్టే బాగుచేసుకోలేనివాడు మనదేం చేస్తాడని వెనక్కి తిరుగుతారు.

ఆయనకీ పిచ్చి పట్టడం వెనక ఒక కథ ఉంది. పని నేర్చుకునే రోజుల్లో గురువుగారి బల్ల మీదున్న పెద్ద సెట్టులో అప్పుడప్పుడూ ఎక్కడిదో గొంతు ఒకటి తొంగిచూసి మాయమయ్యేది. ఎక్కడో టాంకా, అంటే సీసంతో వేసిన అతుకు, వదులైందని గురువుగారు తేల్చారు. శిష్యుడు సెట్టంతా విప్పి ప్రతి అతుకూ మళ్లీ సోల్డరింగ్ చేశాడు. గొంతు మళ్లీ వచ్చింది. మళ్లీ చేశాడు. ఆ చలికాలమంతా గురుశిష్యులిద్దరూ ఉల్కలకు సోల్డరింగ్ చేస్తూనే గడిపారు. చాలా ఏళ్లకు ఏదో పత్రికలో అసలు సంగతి చదివినప్పుడు గరగరకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎంత సీసం వృథా అయిందో అనుకున్నాడట.

తనొక్కడే అలా పొరబడలేదని ఆ పత్రికలోనే ఉంది. పెద్ద యుద్ధం ముగిసే రోజుల్లో రాకెట్లను పసిగట్టడానికి రాడార్లు పెట్టుకున్న సైనికులకు, రాకెట్టు ఏదీ లేకుండానే ఏదో వచ్చినట్టు జాడ కనిపించేదట. యంత్రం చెడిందనుకున్నారు. తీరా చూస్తే అవి ఉల్కలు. ఇక మిథున రాశి ఉల్కల చరిత్ర మరీ చిత్రం. ఇంచుమించు నూట అరవై ఏళ్ల కిందటి దాకా వీటి గురించి ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. మొదట చూసినవాళ్లకు గంటకు పదో పదిహేనో కనపడ్డాయి. తర్వాత తరం తరానికీ పెరుగుతూ వచ్చాయి. ఇప్పుడు చీకటి చోటు దొరికితే గంటకు వంద దాటుతాయి. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో నలభై ఏళ్ల కిందటి దాకా తెలియనే లేదు. మిగతా ఉల్కల్లో చాలావాటికి తల్లి తోకచుక్క అయితే, వీటి తల్లి తోక లేని బండరాయి అని ఒక ఉపగ్రహం కనిపెట్టింది. ఎవరైనా ఉల్కల ఊసెత్తితే మాత్రం ఇదంతా చెప్పుకొచ్చి గరగర చివర్లో, "ఏళ్లు గడిచేకొద్దీ జోరు పెరగడం, తల్లి బండరాయి కావడం. మాకు కొత్తేం కాదు," అని గొంతు తగ్గించేవాడు. గోడకు అవతల అత్తగారు ఉంటుంది.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేరి, సూపర్‌వైజరుగా దిగింది. ఎవరి పెళ్లి ఎందుకు తప్పిందో పెళ్లివారికంటే ముందు ఆమెకు తెలిసేది. మాటలు వినకూడదని నిబంధన ఉండేది. వినకపోతే లైను తగిలిందో లేదో ఎలా తెలుస్తుందని ఆమె వాదన. రిటైరయ్యాక చెవులకు పని తగ్గి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఇద్దరు కూతుళ్లలో పెద్దామెను గరగరకు ఇచ్చింది. చిన్నల్లుడు సెల్‌ఫోన్లు అమ్ముతాడు, చేతిలో రెండు, జేబులో ఒకటి పెట్టుకుని తిరుగుతాడు. అతనికి వీధి మీదికి తెరుచుకునే గది ఒకటి కావాలి. వీధి మీదికి తెరుచుకునే గది ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

ఒక ఏడు నవంబరు చివర్లో అత్తగారు భోజనాల దగ్గర సంగతి బయటపెట్టింది. కొత్త సంవత్సరం నుంచి ముందుగది చిన్నల్లుడిది. పెద్దల్లుడు తన సరంజామా పెరట్లో రేకుల షెడ్డులోకి మార్చుకోవాలి. షెడ్డుకు దారి బాత్రూము పక్క నుంచి. మిక్సీ పట్టుకుని ఆ దారిన వచ్చే మహానుభావుడు ఎవడూ ఉండడని అందరికీ తెలుసు. గరగర పెరుగు కలుపుకుంటూ "చూద్దాం" అన్నాడు.

పెద్ద కూతురు రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజంతా జనానికి సూదులు గుచ్చే మనిషి, ఇంట్లో మాటతో గుచ్చుతుంది. ఆ రాత్రి మొగుణ్ణి నిలదీసింది. అమ్మతో మాట్లాడమంది. ఉల్కలు అయ్యాక మాట్లాడతానన్నాడు.

"ఆకాశంలోంచి రాళ్లు రాలితే గానీ మీ నోట్లోంచి మాట రాలదా?"

"ఊఁ."

ఇంతలో ఉల్కల వారం రానే వచ్చింది. దాంతోపాటు గరగర చెవులకు పోటు కూడా వచ్చింది. డాక్టరు మందు పోసి, రెండు చెవుల్లోనూ దూది కూరి, వారం దాకా తియ్యొద్దన్నాడు. ఏడాదికి ఒక్క వారం చెవులతో పని పడే మనిషికి సరిగ్గా ఆ వారమే దూది. ఇక్కడొక చిక్కుంది. ఉల్కలు లెక్కపెట్టేవాళ్ల సంఘం ఒకటి ఉంది. ఎక్కడెక్కడి మాస్టార్లూ గుమాస్తాలూ తమ లెక్కలు దానికి పంపుతారు. ఈ విద్య మొదటి నుంచీ అలాంటి వాళ్ల లెక్కల మీదే నడిచింది. గరగర లెక్క ఎన్నో ఏళ్లుగా ఒక్కసారి కూడా తప్పలేదు. గది పోతుందని తెలిసినప్పుడు పెరుగన్నం తిన్న మనిషి, లెక్క తప్పుతుందని తెలిసినప్పుడు అన్నం మానేశాడు.

భార్యకు పొద్దున్నే డ్యూటీ. ఆమే ఉపాయం చెప్పింది. "అమ్మ వింటుంది. పాతికేళ్లు అదే పని కదా."

ఈ మాట దూది దాటి ఆయనకు చేరడానికి మూడుసార్లు అరవాల్సి వచ్చింది. అప్పటికి వీధిలో అందరికీ చేరింది. అత్తగారు వెంటనే ఒప్పుకుంది. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో ఆమే, దూది దాటేలా అరిచి చెప్పింది.

"వింటాను. ఆ పెట్టెలో గరగర తప్ప ఇంకేం లేదని నా చెవులతో నేనే తేలుస్తాను. తేలిన మర్నాడే గది ఖాళీ చెయ్యాలి, కొత్త సంవత్సరం దాకా ఆగను. ఒప్పుకుంటారా అల్లుడుగారూ?"

"చూద్దాం."

"నాకా మాట వినపడలేదు."

"ఊఁ," అన్నాడు. పందెం ఖాయమైంది.

మర్నాడు తెల్లారకముందే లేచి, శాలువా కప్పుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, డ్యూటీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. గీతలు గీయడం ఆమెకు కుదరదు, కళ్లద్దాలు పెడితే హెడ్‌ఫోన్ ఒత్తుకుంటుంది. అందుకని కుట్టుపెట్టెలోని పాత బొత్తాలు, ఒక స్టీలు గిన్నె తెచ్చిపెట్టారు. ముక్క వినపడితే గిన్నెలో బొత్తాం వేయాలి. చాలాసేపు గరగరే. గెలిచినట్టు అల్లుడి వైపు చూసింది. చూస్తుండగానే చెవిలో స్పష్టంగా ఒక ఆడగొంతు "తాళం నా దగ్గర లేదు" అని మాయమైంది.

అత్తగారి చెయ్యి దానంతటదే హెడ్‌ఫోన్ మీదికి పోయింది. "హలో? లైన్లో ఉండండి," అంది.

ఆ ముక్క వినపడకపోయినా ఆమె పెదాల కదలిక గరగరకు అర్థమైంది. మొదటి బొత్తాం గిన్నెలో పడింది. కాసేపటికి "పెద్దాయనకి చెప్పొద్దు" అని ఒక మగగొంతు. ఆ తర్వాత "వాసన వస్తే వెంటనే" అని ఎవరో. ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకు అత్తగారి కాఫీ చల్లారిపోయింది. పందెం సంగతి ఎవరూ ఎత్తలేదు. పోయింది తనే కాబట్టి ఆమె అసలే ఎత్తలేదు. రేపు ఎన్నింటికి లేవాలని మాత్రం అడిగింది.

రెండు పొద్దులు గడిచేసరికి ఆమె దగ్గర పూర్తి కథ ఉంది. ఒక పెద్దాయన, ఆయన ఇనప్పెట్టె, దాని తాళం కొట్టేసిన రెండో కోడలు. పాలల్లో ఏదో కలిపారు, అందుకే వాసన. "అప్పటికే ముదిరిపోయింది" అన్న ముక్క మూడో పొద్దున దొరికింది. అంటే జబ్బు ముదిరింది, పెద్దాయన ఇక దక్కడు. అరుగు మీద కూర్చుని ఆమె ఇది చెబుతుంటే టైలరు కత్తెర పక్కన పెట్టి వచ్చాడు. పాలు పోసే ఆమె క్యాన్లు దించి, పాలల్లో ఎవరు కలిపారని తన వైపు చూడొద్దని ముందే చెప్పింది. మిక్సీలు తెచ్చినవాళ్లు వెనక్కి పోవడం మానేశారు.

చిన్నల్లుడు ఇది గమనించాడు. అప్పటికే అతను కొత్త దుకాణానికి బోర్డు రాయించి, తెచ్చి మెట్ల కింద పెట్టుకున్నాడు. జనం ముందుగది చుట్టూ మూగడం బాగానే ఉంది గానీ, మూగేది తన కోసం కాదు. ఒకరోజు పొద్దున్నే ఫోను పట్టుకుని వచ్చి, హెడ్‌ఫోనూ దూదీ రెండూ దాటేలా అరిచాడు.

"అత్తయ్యా, ఇంత అవస్థ దేనికి? ఆ స్టేషనేదో నేను కనుక్కున్నా. ఫోన్లో మొదట్నుంచి చివరిదాకా వస్తుంది. రాళ్లతో పన్లేదు."

గరగర ముఖం పాలిపోయింది. తోడల్లుడు అన్నదాంట్లో అబద్ధం లేదు. గుప్పెడు ముక్కల కోసం ఆకాశం కేసి చెవులొగ్గే మనిషికి ఏకంగా స్టేషన్ మొత్తం చేతిలో పెడుతున్నాడు. అత్తగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఓపిగ్గా పొద్దున్నంతా వింది. తాళం మాట స్కూటర్ ప్రకటనలోది. వాసన వచ్చేది గ్యాస్ సిలిండరుకు. ముదిరిపోయింది బెండకాయ, రైతుల కార్యక్రమంలో. పెద్దాయన హాస్యనాటికలో పాత్ర, ఆరోగ్యం దివ్యంగా ఉంది. రెండో కోడలు అసలు ఎక్కడా లేదు.

చిన్నల్లుడు నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు. అత్తగారు ఫోను తిరిగి ఇచ్చేసింది.

"వీళ్లకి చెప్పడం చేతకాదు బాబూ. సాగదీస్తున్నారు. రాళ్లయితే కావలసిన ముక్కే మోసుకొస్తాయి."

మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కథ ఆగలేదు. బెండకాయ సంగతి వీధిలో ఎవరికీ చెప్పొద్దని చిన్నల్లుడి దగ్గర మాట తీసుకుంది. వారం తిరక్కుండానే పెద్దాయన పోయాడు. టైలరు ఆ రోజు కాస్త ముందే కొట్టు కట్టేశాడు.

వారం ముగిసింది, చెవుల్లో దూది తీశారు. గరగర ఏ పొద్దుకా పొద్దు గిన్నెలో బొత్తాలు లెక్కపెట్టి సంఘానికి పంపేశాడు. నాలుగు రోజుల తర్వాత సంఘం కార్యదర్శి బస్సెక్కి స్వయంగా వచ్చాడు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు. ఆయన గోలేమిటంటే, ఈసారి అన్ని చోట్లా లెక్క పెరిగితే ఇక్కడ మాత్రం మూడో వంతుకు పడిపోయింది. ఉల్కలు ఊరు చూసి రాలవు. ఏరియల్ పక్కకు తిరిగిందేమో చూడమన్నాడు. గరగర డాబా ఎక్కి చూసి వచ్చాడు. ఏరియల్ కొమ్మ మీద ఎవరిదో బనీను ఆరేసి ఉంది గానీ, అంత తేడా బనీనుతో రాదు.

"విన్నది ఎవరు?" అన్నాడు కార్యదర్శి.

"నేనే," అంది అత్తగారు, పిలవకుండానే గుమ్మంలోకి వచ్చి. "ఒక్కటి కూడా వదల్లేదు. కథలో పనికొచ్చే ప్రతి ముక్కకీ బొత్తాం వేశాను."

"పనికొచ్చే ముక్కంటే?"

ఆమె విడమరిచి చెప్పింది. సబ్బుల ప్రకటనలకు బొత్తాం వేయలేదు. వాతావరణానికి వేయలేదు, కిటికీలోంచి చూస్తే తెలిసేదానికి బొత్తాం దండగ. పాటలకు అసలే వేయలేదు, అవి ఎక్కడైనా వినొచ్చు. ఒకడు మరీ మర్యాద లేకుండా మాట్లాడాడు, వాడికీ వేయలేదు.

కార్యదర్శి మూడు పెన్నుల్లోంచి ఎర్రది తీశాడు. అప్పుడు గరగర లేచి నిలబడ్డాడు. తీగలు తలకు తగులుతున్నా వంగలేదు. గది పోతుందన్న నాడు, పందెం కాసిన నాడు, ఫోను తెచ్చిన నాడు తెరుచుకోని నోరు తెరుచుకుంది.

"అత్తయ్యా, రాయి పడిందా లేదా అన్నదే లెక్క. అది సబ్బు తెచ్చిందా కథ తెచ్చిందా అన్నది మన పని కాదు. ఎక్స్ఛేంజ్‌లో మీకు నచ్చినవాళ్లకే లైను కలిపి, నచ్చనివాళ్లకి కలపకుండా ఉన్నారా?"

అత్తగారు ఆలోచించింది. అబద్ధం ఆడే మనిషి కాదు.

"ఒకరిద్దరికి కలపలేదు," అంది.

తర్వాత అల్లుణ్ణి కింది నుంచి పై దాకా చూసి, "ఇంత గొంతుందా మీకు! ఇన్నాళ్లూ లైను కట్టయిందనుకున్నా," అంది.

కార్యదర్శి ఈ కుటుంబ వ్యవహారంలో తలదూర్చలేదు. తన కాగితంలో ఆ వారం లెక్క ఎదురుగా ఎర్రసిరాతో "సందేహాస్పదం" అని రాశాడు. అత్తగారు కళ్లద్దాలు తెప్పించుకుని ఆ మాట చదివింది. మరోసారి చదివింది.

"ఇది నాకా?"

"లెక్కకండీ."

"లెక్క నాదే కదా. సర్వీసు మొత్తం మీద ఒక్క రిమార్కు లేదు నాకు. ఇదెలా తీసేస్తారు?"

వచ్చేసారి సరిగ్గా లెక్కపెడితే అదే పోతుందన్నాడు కార్యదర్శి. వచ్చేసారి ఎప్పుడని అడిగింది. మిథున రాశివి మళ్లీ ఏడాదికి గానీ రావనీ, జనవరి మొదటి వారంలోనే ఇంకో రకం ఉన్నాయనీ, అవి కొద్ది గంటలే జోరుగా పడతాయి కాబట్టి మనిషి ఏమరుపాటు లేకుండా కూర్చోవాలనీ చెప్పి, బస్సు వేళవుతోందని వెళ్లిపోయాడు.

నెలాఖరున చిన్నల్లుడు బోర్డు తగిలించడానికి మేకులు తెచ్చాడు. జనవరి వారం దాటనివ్వమంది అత్తగారు. దాటింది. ఈసారి సబ్బులకూ వాతావరణానికీ కూడా బొత్తాలు పడ్డాయి. పెదవి విరుస్తూనే వేసింది. లెక్క బాగుందని కార్యదర్శి కార్డు రాశాడు. దాన్ని చూసి చిన్నల్లుడు మళ్లీ మేకులు తెచ్చాడు. ఏప్రిల్లో ఇంకొకటుందట, ఒక్క కార్డు చూసి మురిసిపోవడానికి తనేం కొత్త ఆపరేటరు కాదంది అత్తగారు. అతను వ్యాపారం తెలిసినవాడు. ఫోన్లో వెతికి, ఏడాది పొడవునా ఏ ఉల్కలు ఎప్పుడు రాలతాయో పట్టిక మొత్తం తీసి, తోడల్లుడి బల్ల మీద పెట్టాడు.

"అన్నయ్యా, మే ఉంది, జూలై ఉంది, ఆగస్టు సరేసరి. అక్టోబరు, నవంబరు, మళ్లీ డిసెంబరు. నువ్వే చెప్పు, ఖాళీ ఎప్పుడు?"

గరగర అబద్ధం చెప్పలేడు. ఆకాశం విషయంలో మరీ చెప్పలేడు. పట్టిక చూశాడు. "ఫిబ్రవరి, మార్చిలో పెద్దగా ఏం ఉండవు," అన్నాడు.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన భార్య గుమ్మంలో నిలబడి, ఈ మనిషిని కట్టుకున్నందుకు తనను తానే ఒక చూపు చూసుకుంది. చిన్నల్లుడు గోడ మీద మేకు ఆనించాడు. సుత్తి ఎత్తేలోపు లోపల్నుంచి అత్తగారి గొంతు వచ్చింది.

"ఏ గుంపుకీ చెందకుండా ఊరికే రాలేవి రోజూ ఉంటాయట. కార్యదర్శిగారే చెప్పారు. వాటిని మాత్రం ఎవరు లెక్కపెడతారు? ఆ సుత్తి చప్పుడు ఆపు బాబూ, లైన్లో ఎవరో ఉన్నారు."